కర్రటీచరు నీళ్ళలో దిగిన పొద్దు

కర్రటీచరుకు ఈత రాదు.

ఈ మాట ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేరు గాని, ఈతకొలను పక్కన ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో మాత్రం అది రోజూ తడుస్తూ, రోజూ ఆరుతూ ఉండేది. "ఈత రానిదాన్ని ఈత నేర్పమని ఎలా పెట్టుకున్నారో!" అని ఒకావిడ జుట్టు పిండుకుంటూ అంటే, "మొగుడు మెకానిక్కటగా, ఇక్కడి మోటార్లు బాగుచేసిపెడతాడేమో" అని ఇంకొకావిడ చెప్పులేసుకుంటూ అనేది. చిన్నప్పుడు తమ్ముడు నీళ్ళలో కొట్టుకుపోయాడని, ఆ రోజే నీళ్ళు ముట్టనని ఒట్టు పెట్టుకుందని ఒక కథ ఉంది. ఆమెకు అసలు తమ్ముడే లేడు. చేతిమీద ఎవరిదో పేరు పచ్చబొట్టు పొడిపించుకుందని, ఆ పేరు మొగుడిది కాదని ఇంకో కథ. అది బ్యూటీపార్లరావిడ సొంత తయారీ. ఆవిడ కుర్చీలో కూర్చున్న వాళ్ళు కనుబొమలు దిద్దించుకునేంత సేపూ కళ్ళు మూసుకోవాలి కనక చెవులు ఖాళీగా ఉంటాయి. అందుకని ఆ కథ ఊరంతా తిరిగింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగకు తగ్గ నిప్పు కర్రటీచరు ఒంటిమీదే ఉంది, కాకపోతే ఎవరూ చూడలేదు. చూడకుండా ఆమే జాగ్రత్తపడింది. ఎండలు మండిపోతున్నా గొంతుదాకా జిప్పు వేసిన పొడుగుచేతుల చొక్కా, మడమల దాకా ప్యాంటు, రబ్బరు బూట్లు. చేతిలో ఇద్దరు మనుషులంత పొడుగున్న అల్యూమినియం కర్ర. కర్ర చివర ఎర్ర రబ్బరు బుడిపె. నీళ్ళలో ఉన్న మనిషి ముక్కుకు మూరెడు ముందు ఆ బుడిపెను పెట్టి, గట్టు వెంట తను నడుస్తూ, దాన్ని లాక్కుపోతూ ఉండేది.

"పట్టుకోవద్దు. దాని వెంట రండి, చాలు. ఊపిరి వదలండి. నీళ్ళతో దెబ్బలాడకండి, అవి మీకంటే ముందునుంచీ ఉన్నాయి ఇక్కడ."

గొంతు పెంచేది కాదు. కాళ్ళెలా ఆడిస్తున్నారో, చేతులెలా వేస్తున్నారో తర్వాత చూసేది. ముందు ఊపిరి చూసేది. ఊపిరిని బట్టి మనిషి భయస్తుడో, తొందరపాటు మనిషో, మొండిఘటమో చెప్పేసేది. ఏళ్ళ తరబడి ఇదే పని. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళకు ఒక గుర్తు కూడా ఏర్పడిపోయింది. కర్ర ఎప్పుడూ గట్టువైపునుంచి, అంటే ఎడమనుంచి వచ్చేది కదా, అందరూ ఊపిరికి తల ఎడమకే తిప్పేవారు. పోటీల్లో ఎవరైనా పిల్ల ఎడమకి మెడ తిప్పి మిటకరిస్తూ ఈదుతుంటే, "ఇది కర్రటీచరు సరుకు" అని చూసేవాళ్ళు నవ్వుకునేవారు.

ఆమె కథ తెలిసింది ఇంట్లో ఇద్దరికే. ఒకరు భర్త, లిఫ్టు మెకానిక్. రెండో మనిషి అత్తగారు. జీవితమంతా సిటీబస్సులో కండక్టరు చేసి రిటైరైంది. కర్రటీచరు చిన్నప్పుడు, ఇంకో ఊళ్ళో, చేపపిల్ల. ఇంట్లో అద్దం పక్కన ఒక ఫొటో ఉంది: రబ్బరు టోపీ పెట్టుకున్న పిల్ల, నీళ్ళలోంచి సగం లేచి, గాలికోసం నోరు తెరిచి. ఆ నోటి నిండా నవ్వు. ఇరవై దాటిన కొత్తలో ఆ పిల్ల మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద వెండిపొరలు. తర్వాత మోకాళ్ళకి, వీపుకి, తలలోకి పాకాయి. సోరియాసిస్ అన్నారు. రోగాలతో పోరాడే ఒంటి కాపలాదారులు పొరపాటున సొంత ఇంటిమీదే తిరగబడతారట. నెలకు తయారు కావలసిన చర్మం వారం తిరక్కుండా తయారై, నిలవడానికి చోటులేక పొట్టుగా రాలుతుందట. అంటదు, ఎవరికీ రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒకరోజు ఆమె ఈది పైకి వస్తుంటే ఒక తల్లి తన పిల్లను నీళ్ళలోంచి చేయి పట్టి లాగి, "ఈ నీళ్ళు మారుస్తారా లేదా?" అని అరిచింది. ఆ తల్లికి తెలియదు. ఆ మర్నాడు చేపపిల్ల గట్టెక్కింది. మళ్ళీ దిగలేదు.

పుకారు కండక్టరు అత్త చెవిన పడింది కూరగాయల దుకాణంలో. పక్కనున్న మనిషి, ఈవిడెవరో తెలియక, "మా అమ్మాయిని ఈతలో చేర్పించా గాని, ఆ టీచరుకే ఈత రాదటండీ" అంది. అత్త చేతిలో వంకాయ అలాగే ఆగిపోయింది. నిజం చెప్పేద్దామంటే కోడలు ఒట్టు వేయించుకుంది. ఊరుకుందామంటే ఒళ్ళు ఊరుకోనివ్వలేదు. నేరుగా ఈతకొలను ఆఫీసుకు వెళ్ళి, ఉదయం ఆడవాళ్ళ బ్యాచీలో చేరిపోయింది.

"అత్తయ్యా, మీకు నీళ్ళంటే భయం కదా!" అంది కోడలు.

"నాకా? కిక్కిరిసిన బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడినదాన్ని. బోడి నీళ్ళు."

బోడి నీళ్ళు మొదటిరోజే ఆవిడ్ని గోడకు అంటించేశాయి. రెండు చేతులతో గట్టు అంచు పట్టుకుని, గడ్డం పైకెత్తి, బల్లిలా ఉండిపోయింది. నోరు మాత్రం ఆగలేదు. "ముందుకు జరగండమ్మా, ముందంతా ఖాళీ! ఎందుకు గుంపుగా ఒకేచోట!" అని తక్కినవాళ్ళని లోతుకు తోలేది. తను మాత్రం అంగుళం కదిలేది కాదు. రోజులు గడిచాయి. బ్యూటీపార్లరావిడ కొలనుకు అడ్డంగా ఈదడం నేర్చేసుకుంది. లెక్కల టీచరుగా పనిచేసి మానేసిన పెద్దావిడ వెల్లకిలా తేలడం పట్టేసింది. కండక్టరు అత్త గోడ వదల్లేదు.

కోడలు కర్ర చాపింది. "బుడిపెనే చూస్తూ రండి అత్తయ్యా."

"రాను."

"ఒక్క చేయి వదలండి."

"వదల్ను. నువ్వు నీళ్ళలోకి దిగు, అప్పుడు వదుల్తా. డ్రైవరు రోడ్డుమీద నిలబడితే నేను రైట్ రైట్ అంటానా? నా సర్వీసులో లేదు."

గట్టుమీద కర్రటీచరు ముఖం పాలిపోయింది. నీళ్ళలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. బ్యూటీపార్లరావిడ లెక్కల టీచరును మోచేత్తో పొడిచింది. 'చూశావా, నే చెప్పలా!' అన్నట్టు.

ఇంటికొచ్చాక కోడలు గట్టిగా అడగలేదు, ఆమెకు గట్టిగా అడగడం రాదు. "అందరి ముందూ ఎందుకన్నారత్తయ్యా?" అంది, గిన్నెలు సర్దుతూ, అటు తిరిగి.

"మరి ఎవరిముందు అనమంటావు? నీ వీపుకు మందు రాసే చేతులు నావి. రాసి రాసి నా వేళ్ళు నున్నబడ్డాయిగాని మచ్చ తగ్గలేదు. పెద్ద డాక్టరు దగ్గరికి పద. నువ్వు దిగినరోజే నేను గోడ వదుల్తా. లేకపోతే ఆ గోడకే అంటుకుని పోతా, నీ ఇష్టం."

అలా, ఒక ముసలావిడ గోడ వదలడానికి, ఒక మనిషి మందు వెతుక్కోవలసి వచ్చింది.

చర్మం డాక్టరమ్మ గదిలో కుర్చీలు రెండే. మెకానిక్కు నిలబడ్డాడు. డాక్టరమ్మ మోచేతులు, మోకాళ్ళు, వీపు, జుట్టు పాయలు తీసి తల, అన్నీ చూసి చేతులు కడుక్కుని కూర్చుంది.

"పైపూతలతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? ఇది పూతల హద్దు దాటింది. ఒంట్లోకి వెళ్ళి పనిచేసే మందు కావాలి."

"అందులో ఏది మంచిది డాక్టరుగారూ?" అంది అత్త.

"ఎవరికి?" అంది డాక్టరమ్మ. తర్వాత కోడలివైపు తిరిగి, "పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు?" అని అడిగింది.

మెకానిక్కు గది కప్పువైపు చూశాడు. లిఫ్టులు బాగుచేసేవాళ్ళకు ఆ అలవాటు ఉంటుంది. కోడలు నేలవైపు చూసి, "వచ్చే ఏడు... లేకపోతే ఆ పై ఏడు" అంది.

"అయితే సగం మందులు ఇప్పుడే పక్కకు పోయాయి" అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. తొందరపడకుండా చెప్పింది. మెథోట్రెక్సేట్ పాతకాపు, వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నిదానంగా పనిచేస్తుంది. కాలేయానికి, రక్తానికి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. గర్భం అనుకుంటే నెలల ముందే ఆపెయ్యాలి. సైక్లోస్పోరిన్ దూకుడు మనిషి, కొద్ది వారాల్లోనే ఒళ్ళు తేటపడుతుంది. కానీ మూత్రపిండాల్నీ బీపీనీ కనిపెట్టి ఉండాలి, ఏళ్ళ తరబడి వాడరు. అసిట్రెటిన్ ఆపేశాక కూడా మూడేళ్ళు గర్భం కూడదు, కనక ఈవిడ దాని ఊసే ఎత్తకూడదు. అప్రెమిలాస్ట్‌కు రక్తపరీక్షల గొడవ తక్కువ, కానీ ఒళ్ళు శుభ్రపడేదీ తక్కువే, మొదట్లో కడుపు తిప్పుతుంది, పిల్లలకోసం చూస్తున్నప్పుడు అదీ వద్దు.

"ఇక బయోలాజికల్ ఇంజెక్షన్లు. ఇవి ఒళ్ళంతా కలియబెట్టవు. ఒంట్లో కణం నుంచి కణానికి పోతూ గొడవ రేపుతున్న ఒక్క కబురును పట్టుకుని ఆపుతాయి. వీటిలోనూ చాలా రకాలు, గర్భంలోనూ వాడిన అనుభవం ఎక్కువున్నది ఒకటి ఉంది. మందులన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసినవాళ్ళున్నారు, వందల అధ్యయనాలు పోగుచేసి. చర్మం దాదాపుగా శుభ్రపడ్డవాళ్ళు ఎక్కువమంది ఇంజెక్షన్ల వైపే తేలారు. మాత్రలు వాటి వెనక."

కోడలు మెల్లగా అడిగింది. "ఎంతకాలం చూసి తేల్చారండీ?"

"చాలావాటిలో మూడు నాలుగు నెలలు. కొన్నిటిలో కాస్త ఎక్కువ."

"అంటే యాభై మీటర్ల పందెం. మాకు కావలసింది మైలు ఈత కదా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. "మేం రోజూ తల పట్టుకునేది దానిగురించేనమ్మా. ఎక్కువ కాలానికి ఏ మందు ఎంత క్షేమమో అంత ధీమాగా పోల్చి చెప్పలేం. అందుకే మందు ఇచ్చి వదిలెయ్యం, కనిపెట్టి ఉంటాం. మీరు గట్టుమీద నడుస్తారట కదా, అలాగ."

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

"మా పెద్దమ్మాయి మీ సరుకే. ఎడమకి తప్ప ఊపిరి తియ్యదు."

ఆ సాయంత్రం ఇంట్లో బల్లచుట్టూ పెద్ద సభ. మందుల పేర్లు ముగ్గురి నోళ్ళలో మూడు దారులు పట్టాయి.

"నాకు తెలిసిపోయింది" అంది అత్త. "వారం మాత్ర ప్యాసింజరు బస్సు. ప్రతి స్టాపులో ఆగుతుంది, ఆలస్యమైనా చేరుస్తుంది. ఆ దూకుడుది ఉందే, అది ఎక్స్‌ప్రెస్సు. ఝుమ్మని పోతుంది, ఇంజను కాగిపోతుంది."

"ఆ మూడేళ్ళ మందు లిఫ్టమ్మా" అన్నాడు మెకానిక్కు. "మోటారు ఆపేసినా తలుపు తెరుచుకోదు. లోపల మనిషి ఉండాల్సిందే."

"నువ్వు లిఫ్టుల గోల ఆపు. అది డిపోకు వెళ్ళినా టిక్కెట్లు కొడుతూనే ఉండే బస్సు."

"బస్సు డిపోలో టిక్కెట్టెవరు కొడతారమ్మా?"

"నువ్వు ఏనాడైనా డిపోలో పనిచేశావా?"

కోడలు ఇద్దర్నీ చూసి నవ్వుతూ ఉంది. ఆమెకు మందులు మనుషుల్లా కనబడుతున్నాయి, నీళ్ళలోకి మొదటిసారి దిగిన మనుషుల్లా. పాతకాపు ఒకావిడ, నిదానం, ఊపిరి బరువు, అయినా నమ్మకస్తురాలు. ఒకడు దూకడంలో మొనగాడు, అవతలి గట్టుకు ముందే చేరతాడు గాని రెండో చుట్టు ఈదించకూడదు. ఒకామె ఎవర్నీ ఇబ్బంది పెట్టదు, లోతుకూ వెళ్ళదు. మరొకరు నీళ్ళలోంచి వెళ్ళిపోయినా తడి వదలని రకం. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఎవరి పక్కన ఎవరు ఈదాలన్నదే ప్రశ్న.

"ఇంజెక్షన్" అంది. "గర్భం వచ్చినా వాడినవాళ్ళ అనుభవం ఎక్కువున్నది ఒకటి ఉందన్నారు కదా. అన్నిటికంటే వేగమైనది అదే కాకపోవచ్చట. అయినా అదే."

"ఖరారా?" అంది అత్త.

"ఖరారు."

"సూది మరి?" అన్నాడు మెకానిక్కు, తనకే గుచ్చుతున్నట్టు ముఖం పెట్టి. అతని ఆఫీసు బీమాలో ఇంజెక్షన్ ఉందని మాత్రం మర్నాడే కనుక్కొచ్చాడు.

రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి. ఒంట్లో క్షయ దాక్కుని ఉంటే ఇంజెక్షన్ కాపలాను సడలించినప్పుడు అది లేచి కూర్చుంటుందట, అందుకని ముందే చూస్తారు. ఏమీ లేదని తేలింది. నర్సు నేర్పించాక మందు ఇంట్లోనే, రెండు వారాలకోసారి, తొడలో తనే వేసుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి మెకానిక్కు పక్కన ధైర్యం చెప్పడానికి కూర్చున్నాడు. పది అంతస్తుల గోతిలో తాడుకు వేలాడుతూ పాట పాడుకునే మనిషి, సూది మూత తీయగానే మంచం మీద వెనక్కి ఒరిగిపోయాడు. కోడలు ఒక చేత్తో ఇంజెక్షన్ వేసుకుని, రెండో చేత్తో మొగుడి ముఖాన నీళ్ళు చల్లింది.

"ఇద్దరిలో రోగి ఎవరే?" అని అత్త గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వింది.

మార్పు చప్పుడు చేయకుండా వచ్చింది. ముందు దుప్పటి చెప్పింది. పొద్దున్న దులిపితే పొట్టు రాలడం తగ్గింది. తర్వాత దువ్వెన చెప్పింది. ఒకరోజు వీపుకు మందు రాయబోయిన అత్త చేయి ఆగిపోయింది. "ఎక్కడే మచ్చ? నిన్న ఇక్కడే ఉంది కదా! నా చేతికి పని లేకుండా చేశావే అమ్మాయ్!" అని ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ వారం కోడలు నల్లచొక్కా కొనుక్కుంది. పొట్టు కనబడుతుందని ఏళ్ళుగా నలుపు వంకే చూడని మనిషి, అది వేసుకుని అద్దం ముందు భుజాలు దులుపుకుని, ఏమీ రాలకపోతే మళ్ళీ దులుపుకుని, మళ్ళీ చూసుకుంది.

కానీ ఎడమ మోచేతి మీద ఒకటి మిగిలింది. సీసా మూతంత. ఎర్రగా, మొండిగా.

"ఇక దిగుతావా?" అంది అత్త.

"అదొక్కటీ పోనీండి అత్తయ్యా."

అది పోలేదు. డాక్టరమ్మ చూసి, "కొందరికి పూర్తిగా పోతుంది. కొందరికి తొంభై శాతం దగ్గర ఆగుతుంది. మీకది తొంభై దాటింది. నాకైతే ఇది పండగే" అంది. "నీళ్ళలో దిగచ్చు. బయటికొచ్చాక మంచినీళ్ళతో కడుక్కుని క్రీము రాసుకోండి. అంతే."

"అదొక్కటీ పోనీండి" అంది కోడలు ఆవిడతోనూ.

అత్తకు చిరాకెత్తింది. "తొంభై మార్కులొస్తే మా రోజుల్లో వీధంతా చెప్పుకునేవాళ్ళం. నీకు వందే కావాలా? వందమంది పట్టే బస్సులో తొంభైమంది ఎక్కితే రైట్ కొట్టనా, ఆ పదిమంది కోసం రోడ్డుమీద నిలబెట్టనా?"

కోడలు వినలేదు. మళ్ళీ పొద్దున్నే జిప్పు గొంతుదాకా వేసుకుని, కర్ర పట్టుకుని గట్టెక్కింది. అత్త మళ్ళీ గోడకు అంటుకుంది. ఇద్దరి మొండితనమూ ఒకే గట్టుకు చెరోవైపు. ఆకుపచ్చ పలకల మీద నీళ్ళు తళతళలాడుతుండేవి. కర్రటీచరు ఒక్కోసారి బూటు తీసి, పాదం నీటి అంచుదాకా తెచ్చి, మళ్ళీ బూటు వేసుకునేది. దిగాలనే కోరిక లేక కాదు. దిగినప్పుడు బాగానే ఉంటుంది. పైకి వచ్చి తువ్వాలు దాకా నడవాలి కదా. ఆ నాలుగడుగులే ఆమె ఇన్నేళ్ళుగా నడవలేకపోతున్నది.

ఆ తర్వాత ఒక పొద్దున కర్ర కనబడలేదు.

గోడకున్న కొక్కేలు ఖాళీ. మోటారు గదిలో లేదు. పలకలు తోమే చీపుర్ల మధ్య లేదు. మేనేజరును అడిగితే, "నిన్న మీ అత్తగారే కదమ్మా పట్టుకెళ్ళారు, బుడిపె ఊడుతోందని, మీవాడు బాగుచేస్తాడని" అన్నాడు.

ఆమె గట్టుదగ్గరికి పరుగున వచ్చింది. ఆడవాళ్ళంతా అప్పటికే నీళ్ళలో ఉన్నారు. అత్త గోడకు ఉంది.

"కర్రేదత్తయ్యా?"

"మన డాబా మీద ఉంది. దుప్పట్లు ఆరేశా. చక్కగా ఆరుతున్నాయి."

"దాన్ని ఎలా తీసుకెళ్ళారు?"

"బస్సులో. ఆ కండక్టరు కుర్రాడు లగేజీ టిక్కెట్టు తీసుకోమన్నాడు. ఒరేయ్, నేను టిక్కెట్లు కొట్టినప్పుడు నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు, ఇది లగేజీ కాదు, టీచరు అన్నా. వెనక కిటికీలోంచి మూరెడు బయటికి ఉంది. దారంతా జనం పక్కకు తప్పుకున్నారు. అంబులెన్సుకు కూడా అంత మర్యాద ఉండదు."

నీళ్ళలో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. బ్యూటీపార్లరావిడ అవకాశం వదల్లేదు. "ఇప్పుడెలా టీచరుగారూ? కర్ర లేకపోతే మాకు ఈత రాదు. మీకు... వస్తుందా?"

కర్రటీచరు చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ చేతుల్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. పైకి వెళ్ళి జిప్పు పట్టుకున్నాయి. కిందికి లాగాయి. చొక్కా తీసి బల్లమీద పెట్టింది. బూట్లు తీసింది, ప్యాంటు తీసి మడిచింది. లోపల ఈత దుస్తులే ఉన్నాయి. నెలరోజులుగా రోజూ వేసుకొస్తోందని అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

అందరి కళ్ళూ ఎడమ మోచేతికే వెళ్ళాయి.

"అదేంటండీ అది?" అంది బ్యూటీపార్లరావిడ.

"సోరియాసిస్" అంది కర్రటీచరు. "చర్మానికి వచ్చే జబ్బు. ఒళ్ళంతా ఉండేది. ఇంజెక్షన్ తీసుకుంటున్నా, అదొక్కటే మిగిలింది. అంటదు. నీళ్ళవల్ల రాదు, తాకినా రాదు. భయమైతే బయటికి రావచ్చు, నేనేమీ అనుకోను."

ఎవరూ కదల్లేదు. బ్యూటీపార్లరావిడ ముఖంలో ఆశాభంగం దాచలేకపోయింది. "పచ్చబొట్టు కాదా?"

"కాదండీ."

"ఎంత కథ చెప్పానో ఊరందరికీ! ఆ పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా చెప్పాను!"

లెక్కల టీచరు వెల్లకిలా తేలుతూనే అంది, "నా రెండు మోకాళ్ళూ సొంతవి కావు, ఆపరేషన్లో వేసినవి. లోపల లోహమే. మునిగిపోతానంటారేమోనని మీకెవరికీ చెప్పలేదు."

"నా జుట్టులో సగం విగ్గు" అని మూలనుంచి ఒకరు. "అందుకే టోపీ తియ్యను."

"నా పళ్ళు చూస్తారా?" అని కండక్టరు అత్త నోట్లో వేలు పెట్టబోయింది.

"వద్దు!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఆ నవ్వుల మధ్యే కర్రటీచరు దిగింది. నిచ్చెన మీదనుంచి కాదు. గట్టుమీద కాలివేళ్ళు ముడిచి, చేతులు చాచి, ఫొటోలో పిల్ల దూకినట్టు దూకింది. నీళ్ళు పెద్దగా ఎగరలేదు. అడుగున ఆకుపచ్చ పలకల మీదుగా ఒక నీడ సాగిపోయింది, సాగింది, ఇంకా సాగింది. ఊపిరికోసం కూడా లేవదేమిటని కంగారుపడుతుండగా అవతలి గట్టు దగ్గర తేలింది. నోరు తెరిచి గాలి పీల్చింది. నోటి నిండా నవ్వు.

"ఓర్నాయనో" అంది బ్యూటీపార్లరావిడ.

ఈది తిరిగొచ్చి, కొలను మధ్యలో, భుజాల లోతులో నిలబడి, "రండి. నా వైపు రండి" అని చేతులు చాపింది. అందరూ కదిలారు. కదిలి, అలవాటు చొప్పున తలలు ఎడమకి తిప్పి, లేని బుడిపెకోసం గట్టువైపు చూస్తూ, చూపు వెంటే ఒళ్ళు కూడా పోయి, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి గోడకు గుద్దుకున్నారు. లెక్కల టీచరు వెల్లకిలా కనక వెనక తలతో గుద్దుకుంది. కర్రటీచరు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అలా పగలబడి నవ్వగలదని ఆ కొలనుకు తెలియదు.

"తప్పు నాదేనండీ! ఇన్నేళ్ళూ మీకు ఒకవైపే నేర్పాను. ఇవాళ్టినుంచి రెండువైపులా నేర్చుకుందాం."

ఇక గోడకు మిగిలింది ఒక్కరే. గడ్డం పైకెత్తి, కళ్ళు చిట్లించి, కోడలి దూరం కొలుచుకుంటోంది.

"అత్తయ్యా. దిగాను."

"చూశాను."

"మాటిచ్చారు."

"ఇచ్చాను, ఎక్కడికీ పారిపోలేదుగా! దూరం ఎక్కువుంది. ఒక స్టాపు ముందుకు రా."

కోడలు ఒక్క అడుగు ముందుకు వేసింది. అత్త కుడిచేయి వదిలింది. ఎడమచేయి వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలింది. వదిలి, "రైట్, రైట్!" అని తనకు తనే అరుచుకుని, నోట్లోకి నీళ్ళు పోయినా అరవడం ఆపకుండా, బకెట్లో పడ్డ పిల్లిలా నీళ్ళని బాదుతూ వచ్చి, కోడలి చేతుల్లో పడింది. పడి, పట్టుకున్న మొదటి చోటు ఆ ఎడమ మోచేయే. చేతికింద మచ్చ గరుగ్గా తగిలింది. ఆవిడ వదల్లేదు.

"ఊపిరి వదలండి అత్తయ్యా."

"వదిలాను. గోడే వదిలాను, ఊపిరెంత!"

పైకొచ్చాక కర్రటీచరు తువ్వాలు దాకా ఆ నాలుగడుగులూ నడిచింది. ఎవరూ చూడలేదు. అత్త గోడ ఎలా వదిలిందో చెప్పుకోవడంలో అందరూ మునిగిపోయి ఉన్నారు.

కర్ర ఇప్పటికీ డాబా మీదే ఉంది, దుప్పట్లు ఆరుతున్నాయి. టీచరు మాత్రం పిల్లల బ్యాచీకీ, ఆడవాళ్ళ బ్యాచీకీ నీళ్ళలోనే ఉంటోంది. పొట్టిచేతులు వేసుకుంటోంది. ఎవరైనా మోచేతి సంగతి అడిగితే మందు పేరుతో సహా చెబుతుంది. నాకేది మంచిదని అడిగితే, "మీ ఒళ్ళు చూసి డాక్టరు చెప్పాలండీ, నాకు పడింది మీకు పడాలని లేదు" అంటుంది. వేళ తప్పకుండా పరీక్షలకు వెళ్ళొస్తుంది. పేరు మారలేదు. కర్ర లేకపోయినా కర్రటీచరే.

పుకారు సంగతా? అది ఆ వారమే చచ్చిపోయింది. ఎక్కడ పుట్టిందో, ఎవరెవరి నోట పడి పెరిగిందో కూర్చుని లెక్క తీస్తే మాత్రం ఒకటి తేలింది. ఆమెకు ఈత రాదని ఇన్నేళ్ళూ ఆ గదిలో చెప్పుకున్న ఆడవాళ్ళందరికీ ఈత వచ్చు. నేర్పింది ఆమే.